ఇంటి తొట్టిలో మన నాటు కలువ: విశాఖలో పెంచేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడేసరికి కలువ మీద అవే అనుమానాలు ప్రతి ఏడాదీ వస్తాయి. వాటన్నిటినీ మొక్క ఎంచుకోవడం దగ్గర్నుంచి గింజ కట్టేదాకా వరుసలో పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. తొట్టిలో నీటిమొక్క అనగానే పంపులు, ఫిల్టర్లు, మందు సీసాలు గుర్తొస్తాయి. నాటు కలువకు అవేవీ అక్కర్లేదు. ఊరి చెరువులో దానికి దొరికేవి బంకమట్టి, కదలని నీరు, నిండా ఎండ. తొట్టిలోనూ అవే ఇవ్వాలి. పట్టించుకోక చచ్చిన మొక్కల కంటే మాటిమాటికీ నీళ్లు మార్చడం, మట్టి కదపడం, ఎరువు గుమ్మరించడం వల్ల చచ్చినవే ఎక్కువ.

## మొక్క తెచ్చుకునే ముందు

కలువ, తామర ఒకటేనా? ఆకు చూసి ఎలా గుర్తుపట్టాలి?

వేరు వేరు మొక్కలు. కలువ ఆకుకు అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది, ఆకు నీటి మీద తేలుతుంది. తామరాకు చీలిక లేని పూర్తి గుండ్రం. ముదిరిన తామరాకులు నీటి పైకి లేచి నిలబడతాయి. వాటి మీద నీటిచుక్క పడితే పూసలా జారిపోతుంది. పువ్వు మధ్యలో గరాటు ఆకారంలో కాయ కనిపిస్తే అది తామరే. పెంపకంలోనూ తేడా ఉంది. తామరకు దుంప పాకడానికి వెడల్పాటి తొట్టి కావాలి, కలువ ఉన్నచోటే కుదురు కడుతుంది.

మన ప్రాంతంలో నాటు కలువలు ఎన్ని రకాలు? నాకు ఏది సరిపోతుంది?

మన చెరువుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. మొదటిది నిమ్ఫియా నౌచాలి. దీన్ని నల్లకలువ, నీలికలువ అంటారు. లేత నీలం నుంచి దాదాపు తెలుపు దాకా పూస్తుంది. పొద్దున ఎండెక్కాక విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. ఆకు అడుగు నున్నగా, తరచుగా ఊదారంగు కలిసి ఉంటుంది. రెండోది నిమ్ఫియా ప్యూబెసెన్స్, తెల్లకలువ. సాయంత్రం విచ్చుకుని మర్నాడు పొద్దెక్కేదాకా ఉంటుంది. ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది, అడుగున చెయ్యి పెడితే సన్నని నూగు తగులుతుంది. ముదురు ఎరుపులో పూసే ఎర్రకలువ కూడా రాత్రి పూసే జాతే.

మేడ మీద తొట్టికి నల్లకలువ మేలు, తక్కువ చోటులో సర్దుకుంటుంది. తెల్లకలువ, ఎర్రకలువ ఆకులు బాగా పెద్దవి, పెరట్లో సిమెంటు తొట్టి ఉంటేనే వాటి అందం తెలుస్తుంది. పగలంతా ఆఫీసులో ఉండి సాయంత్రం పువ్వు చూడాలనుకునేవారికి మాత్రం రాత్రి పూసే రకాలే సరైనవి.

నర్సరీలో ‘బ్లూ లిల్లీ’ అని అమ్ముతున్నారు. అది మన కలువేనా?

చాలాసార్లు కాదు. విశాఖ నర్సరీలకు మొక్కలు ఎక్కువగా కడియం నుంచి వస్తాయి. వాటిలో సంకర జాతులే ఎక్కువ. ఆకును పరీక్షగా చూడండి. కాడ కలిసేచోట, ఆకు నడిమధ్యలో చిన్న పిలక పుడుతుంటే అది సంకర జాతి. మన నల్లకలువ ఆకు మీద పిల్ల పెట్టదు. పువ్వు రేకులు కిక్కిరిసి, ముద్దగా ఉన్నా అనుమానించాల్సిందే, నాటు పువ్వుకు రేకులు తక్కువ, మధ్యలో కేసరాలు స్పష్టంగా కనిపిస్తాయి. సంకర జాతిని పెంచుకోవడం తప్పేమీ కాదు. కానీ ఎక్కువైన పిలకలను ముడసర్లోవ, మేహాద్రిగెడ్డ లాంటి జలాశయాల్లో వదలకండి. అక్కడి నాటు మొక్కల చోటు అవి ఆక్రమించే ప్రమాదం ఉంది.

కొండకర్ల ఆవలో బోలెడు ఉన్నాయి కదా, ఒక మొక్క పీకి తెచ్చుకుంటే ఏమవుతుంది?

తేవద్దు. కొండకర్ల ఆవ పక్షుల నెలవు. పొడుగు వేళ్లతో ఆకుల మీద నడిచే జకానాలు తేలే ఆకుల మీదే గూడు కట్టి గుడ్లు పెడతాయి. ఒక్కరు ఒక్క మొక్క పీకితే పోయేదేముందనిపిస్తుంది గానీ, పడవెక్కిన ప్రతివారూ అదే అనుకుంటారు. పైగా ఎదిగిన మొక్కను లాగితే కాడ తెగి పైభాగమే చేతికొస్తుంది, దుంప అడుగున బురదలో ఉండిపోతుంది, తెచ్చినది బతకదు.

ఎండాకాలంలో ఊరి చెరువుల్లో పూడిక తీసేటప్పుడు మట్టితోపాటు దుంపలు బయటపడతాయి. అడిగి తీసుకుంటే ఎటూ ఎండిపోయేవి బతుకుతాయి. ఇప్పటికే పెంచుతున్నవారి దగ్గర పిలక అడగడం అన్నిటికన్నా తేలిక.

ఎప్పుడు నాటితే మంచిది?

జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా. నేల చెరువుల్లో దుంపలు మేల్కొనే కాలం అదే. నాటిన ఆరేడు వారాల్లో మొగ్గ కనిపించవచ్చు. ఫిబ్రవరి, మార్చిలో కూడా నాటొచ్చు కానీ ఏప్రిల్ ఎండ ముదిరేలోపు ఆకులు నీటిని కప్పాలి. డిసెంబరు, జనవరిలో నాటితే దుంప చలికి ముడుచుకుని అలాగే కూర్చుంటుంది, చచ్చిందనుకుని పారేసేవాళ్లూ ఉన్నారు.

## తొట్టి, మట్టి, నీళ్లు

తొట్టి ఎంత ఉండాలి? ప్లాస్టిక్ టబ్బు చాలా, గోలెం కావాలా?

నల్లకలువకు మూతి 50–60 సెంటీమీటర్లు, లోతు 45 సెంటీమీటర్లు ఉంటే చాలు. తెల్లకలువకు, ఎర్రకలువకు మూతి కనీసం 90 సెంటీమీటర్లు కావాలి. లోతు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే ఆకులన్నీ పరుచుకోవాల్సింది నీటి మీదే. మట్టి గోలెం నీటిని చల్లగా ఉంచుతుంది కానీ ఊరుతుంది, ఎండల్లో రోజూ నీళ్లు పోయాలి. ప్లాస్టిక్ టబ్బు తేలిక, చవక. నల్లటిది ఎండకు బాగా వేడెక్కుతుంది కాబట్టి లేత రంగు తీసుకోండి, లేదా బయటివైపు తెల్ల రంగు వేయండి.

కొత్త సిమెంటు తొట్టిలో వెంటనే నాటొచ్చా?

వద్దు. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి నీరు క్షారంగా మారుతుంది, లేత ఆకులు పసుపెక్కి కరిగిపోతాయి, చేపలు చస్తాయి. తొట్టిని నిండా నింపి మూడు రోజులుంచి పారబోయండి. ఇలా నాలుగుసార్లు చేయాలి. చివరిసారి లోపలి గోడను వెనిగర్ కలిపిన నీళ్లతో రుద్ది కడిగితే ఇంకా మంచిది.

మేడ మీద పెడితే శ్లాబు బరువు ఆపుతుందా?

లెక్క వేసుకోండి. లీటరు నీరు కిలో. 60 సెంటీమీటర్ల మూతి ఉన్న టబ్బులో 35 సెంటీమీటర్ల ఎత్తున నీరు, మట్టి కలిపి దాదాపు 110 కిలోలు తూగుతుంది. ఇద్దరు పెద్దమనుషులు నిలబడినంత బరువు, కాకపోతే ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది. ఒకటి రెండు టబ్బులైతే గోడల మీదుగా, దూలాల మీదుగా పెట్టండి, శ్లాబు నడిమధ్యలో వద్దు. నాలుగైదు పెట్టాలనుకున్నా, పెచ్చులూడుతున్న పాత మేడైనా, ముందు ఇంజనీరుకు చూపించాలి. సిమెంటు తొట్టి మాత్రం నేల మీదే కట్టుకోండి.

ఏ మట్టి వాడాలి? కుండీల మిశ్రమం పనికిరాదా?

అస్సలు పనికిరాదు. కోకోపీట్ అనే కొబ్బరిపొట్టు, పెర్లైట్ తేలిపోతాయి. ఆకు ఎరువు నీటి అడుగున కుళ్లి నీరు నల్లబడుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. కలువకు కావలసింది చెరువు మట్టి, లేదా వరి పండే పొలం మట్టి.

చేతిలో పరీక్షించే తీరు ఇది. గుప్పెడు మట్టి తడిపి ఉండ చేయండి. ఆ ఉండను అరచేతుల మధ్య పెన్సిలంత సన్నని తాడులా పేనండి. తాడు విరగకుండా నిలిచి, వంచితే కొద్దిగా పగుళ్లు వస్తే సరైన మట్టి. పేనకముందే రాలిపోతే ఇసుక ఎక్కువ. ఉంగరంలా చుట్టినా పగలకపోతే బంక మరీ ఎక్కువ, మూడు వంతుల మట్టికి ఒక వంతు ముతక ఇసుక కలపండి. రాళ్లు, వేర్లు, ఆకులు ఏరేయాలి.

మన చుట్టుపక్కల దొరికే ఎర్రమట్టిలో ఇసుకపాలు ఎక్కువ, నీరు ఎర్రగా కలకబారి చాలా రోజులు తేరదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తవ్వి తేవడం ఎంతమాత్రం కూడదు, అవి రక్షణలో ఉన్న భూవారసత్వ స్థలం.

ఇంట్లో నిమజ్జనం చేసిన మట్టి వినాయకుడి మట్టి వాడొచ్చా?

రంగు వేయని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలవని, పూర్తిగా మట్టి విగ్రహమైతే నిక్షేపంగా వాడొచ్చు. కలువ తొట్టికి అంతకన్నా మంచి బంకమట్టి ఊళ్లో దొరకడం కష్టం. పత్రి, గడ్డి, దారం ముక్కలు తీసేసి, సమానంగా పొలం మట్టి కలపండి. రంగుల విగ్రహం మట్టి మాత్రం వద్దు.

కుళాయి నీళ్లు మంచివా, బోరు నీళ్లా?

వాన నీరు అన్నిటికన్నా మంచిది. తర్వాత కుళాయి నీరు. క్లోరిన్ పోవడానికి ఒకరోజు బకెట్లలో, మూత లేకుండా ఎండలో ఉంచి పోయండి. మొక్కకు పెద్దగా నష్టం లేకపోయినా చేపలకు ఇది తప్పనిసరి.

బోరు నీటితోనే చిక్కు. సముద్రానికి దగ్గరున్న కాలనీల్లో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. నాలుక మీద ఉప్పదనం తెలిసిందంటే ఆ నీరు కలువకు వద్దు, ఆకు అంచులు గోధుమరంగులోకి మాడతాయి. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, ఉప్పు తొట్టిలోనే మిగిలి రోజురోజుకూ చిక్కబడుతుంది. బోరు తప్ప దారి లేకపోతే ఎండాకాలంలో నెలకోసారి నాలుగో వంతు నీరు తీసి కొత్తది నింపండి. మొదటి వానల్లో తొట్టిని పొంగి పొర్లనివ్వండి, పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.

## నాటడం

దుంప ఎలా నాటాలి? కొలతలతో చెప్పండి.

టబ్బు మొత్తం మట్టి నింపనక్కర్లేదు. 10 లీటర్లు పట్టే వెడల్పాటి బేసిన్ తీసుకోండి. బేసిన్‌కు చిల్లులు వద్దు. అడుగున గుప్పెడు ఎముకల పొడి, రెండు గుప్పిళ్ల బాగా మాగిన వర్మికంపోస్టు వేసి, దాని మీద 12–15 సెంటీమీటర్ల మట్టిని ముద్దలా తడిపి, గాలి బుడగలు లేకుండా అదిమి నింపండి. ఎరువు ఎప్పుడూ అడుగునే ఉండాలి, పైకి వస్తే నీరంతా పచ్చబడుతుంది.

నల్లకలువ దుంప గుండ్రంగా, ఉసిరికాయంత ఉంటుంది. మొలక ఉన్న వైపు పైకి పెట్టి, మొలక మొన మట్టి పైకి కనిపించేలా నాటండి. మొన మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. దుంప తేలకుండా పక్కన చిన్న రాయి ఆనించండి. పైన 2 సెంటీమీటర్ల మందాన కడిగిన ముతక ఇసుక పరిస్తే మట్టి కలగదు, చేపలు తవ్వవు.

బేసిన్‌ను టబ్బులో దించి, మట్టి మీద 5–8 సెంటీమీటర్లు మాత్రమే నీరు పోయండి. ధారగా పోస్తే మట్టి లేచిపోతుంది, ఒక పళ్లెం పెట్టి దాని మీద పోయాలి. ఆకులు తేలినకొద్దీ వారానికి 3–4 సెంటీమీటర్లు పెంచుతూ, చివరికి మట్టి మీద 20–25 సెంటీమీటర్ల దగ్గర ఆపండి.

ఆకులతో ఉన్న మొక్క తెచ్చాను, రెండు రోజులకే ఆకులన్నీ పసుపెక్కాయి. పోయినట్టేనా?

చోటు మారిన మొక్క పాత ఆకులను వదిలేయడం మామూలే. కుదురు దగ్గర వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉంటే బతికే ఉంది. పసుపెక్కిన ఆకులను కాడతో సహా తీసేయండి. పది, పదిహేను రోజుల్లో మధ్య నుంచి చుట్టచుట్టుకున్న లేత ఆకు వస్తుంది. ఈలోగా ఎరువు వేయకండి.

ఎండ ఎంత కావాలి? బాల్కనీలో పూస్తుందా?

సూటిగా పడే ఎండ రోజుకు 5–6 గంటలు కావాలి. తూర్పు బాల్కనీలో పొద్దున నాలుగు గంటలు పడితే ఆకులు వస్తాయి, పువ్వులు అరుదు. ఉత్తరం వైపు బాల్కనీలో పెట్టకండి, మొక్కకు బాధ, మీకు నిరాశ. అపార్టుమెంటువాసులు మేడ మీద అనుమతి అడగడమే మంచిది.

## పెరిగే రోజుల్లో

ఎరువు ఏది, ఎంత, ఎన్నాళ్లకోసారి?

నాలుగైదు ఆకులు తేలేదాకా ఏమీ వద్దు. ఆ తర్వాత 10 లీటర్ల బేసిన్‌కు ఒక చెంచా డీఏపీ, అంటే సుమారు 5 గ్రాములు, 30–40 రోజులకోసారి. దాన్ని వార్తాపత్రిక ముక్కలో పొట్లం కట్టి, దుంపకు దూరంగా, బేసిన్ అంచు దగ్గర 7–8 సెంటీమీటర్ల లోతుకు వేలితో దింపి, పైన మట్టి మూసేయండి. డీఏపీలో పొటాష్ ఉండదు కాబట్టి ఒక నెల అది, ఒక నెల పొటాష్ ఉన్న 10-26-26 ఎరువు వేస్తే పువ్వులు బాగుంటాయి.

నీటిలో గుప్పెడు చల్లడం పెద్ద పొరపాటు. అమ్మోనియా పెరిగి చేపలు తెల్లారేసరికి తేలతాయి, వారంలో నీరు బచ్చలాకు రంగుకు మారుతుంది. పచ్చి పేడ, పులిసిన పిండి, బియ్యం కడిగిన నీళ్లు, టీ పొడి కూడా వద్దు. డిసెంబరు నుంచి జనవరి ఆఖరుదాకా ఎరువు ఆపేయండి.

నీళ్లు వారానికోసారి మార్చాలా?

మార్చకండి. తగ్గినంత నింపడమే. 60 సెంటీమీటర్ల టబ్బులో ఒక సెంటీమీటరు తగ్గిందంటే దాదాపు 3 లీటర్లు పోయినట్టు. మే నెల ఎండకు మేడ మీద రోజూ అంత తగ్గవచ్చు. చల్లటి నీటిని ఒక్కసారిగా, మిట్టమధ్యాహ్నం పోయవద్దు, పొద్దున్నే పోయండి.

నీరు ఆకుపచ్చగా మారింది. ఏ మందు వేయాలి?

మందు వద్దు. నీటిలో కలిసిన ఎరువు, నీటి మీద నేరుగా పడే ఎండ, ఈ రెండూ కలిస్తే కంటికి కనిపించని పాచి పెరుగుతుంది. కొత్త తొట్టిలో మొదటి నెల ఇది దాదాపు అందరికీ వస్తుంది. ఆకులు నీటిలో సగానికి పైగా కప్పగానే ఎండ లోపలికి దిగక నీరు తేరుకుంటుంది. నీరు మారిస్తే కొత్త నీటిలో పాచి మళ్లీ మొదలవుతుంది, అంటే ఆ నెల గడువు మళ్లీ మొదటికి వస్తుంది. దారాల్లా సాగే పాచిని మాత్రం పుల్లకు చుట్టి లాగేయండి. మైలుతుత్తం, బ్లీచింగ్ పౌడర్ వేస్తే పాచి కంటే ముందు చేపలు, నత్తలు, లేత ఆకులు పోతాయి.

దోమలు వస్తాయని ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

వాళ్ల భయం న్యాయమైనదే. డెంగీ, మలేరియా తెచ్చే దోమలు రెండూ ఇంటి తొట్టెల్లో కూడా పెరుగుతాయి, గుడ్డు నుంచి దోమ కావడానికి మన ఎండలకు వారం పది రోజులు చాలు. అందుకే చేపలు లేకుండా కలువ తొట్టి పెట్టకూడదు.

60 సెంటీమీటర్ల టబ్బుకు నాలుగైదు చిన్న చేపలు చాలు. మన కాలువల్లో దొరికే పంచాక్స్ అన్నిటికన్నా మంచిది. నెత్తి మీద వెండి చుక్క మెరుస్తుంది, ఎప్పుడూ నీటి పైభాగంలోనే తిరుగుతూ లార్వాను ఏరుకు తింటుంది. ఎగిరి బయటపడుతుంది కాబట్టి నీటి మట్టాన్ని అంచుకు 7–8 సెంటీమీటర్ల కిందనే ఉంచండి. అది దొరక్కపోతే గప్పీలు వేయండి, కానీ వాటిని చెరువుల్లో వదలకండి. గంబూసియా కూడా లార్వాను తింటుంది గానీ, కప్పపిల్లలనూ నాటు చేపపిల్లలనూ వదలదు. చేపలకు మేత వేయవద్దు, కడుపు నిండితే లార్వా జోలికి పోవు.

డెంగీ దోమ గుడ్లు పెట్టేది నీటిలో కాదు, నీటి మట్టానికి కొంచెం పైన తడి గోడకు. వారానికోసారి ఆ తడి గోడను బ్రష్‌తో రుద్దండి. ఆకుల మధ్య చేపలు దూరని మూలలుంటే బీటీఐ (దోమ లార్వాను చంపే బ్యాక్టీరియా మందు) బిళ్ల లేదా గుళికలు ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వేయొచ్చు, అది చేపలకు హాని చేయదు.

శుక్రవారం డ్రైడే అని వచ్చినవాళ్లు తొట్టి ఖాళీ చేయమంటారు. ఎలా?

నీళ్లు నిలవ ఉన్న ప్రతి పాత్రా ఖాళీ చేయించడం వాళ్ల పని, అది మనందరి మంచికే. టార్చి వేసి చేపలు చూపించండి. ఒక గ్లాసుతో నీరు ముంచి లార్వా లేదని చూపిస్తే ఎక్కువమంది ఒప్పుకుంటారు. తొట్టి కింద పళ్లెంలో, పక్కన పాత కుండీల్లో, కొబ్బరి చిప్పల్లో నీరు మాత్రం ఉంచకండి. అసలు దోమలు తరచుగా అక్కడే ఉంటాయి.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. ప్రమాదమా?

నడక నేర్చిన పిల్లలకు 20 సెంటీమీటర్ల నీరైనా ప్రమాదమే. నీటికి 5 సెంటీమీటర్ల కింద గట్టి ఇనుప వల బిగించండి, 5 సెంటీమీటర్ల గళ్లుంటే ఆకులు, మొగ్గలు దారి చేసుకుని పైకి వస్తాయి. వల కదలకుండా కింద ఇటుకలు పేర్చాలి. వల ఉన్నా పిల్లలను ఒంటరిగా వదలొద్దు.

## పూత

ఆకులు బాగున్నాయి, పువ్వు మాత్రం రాదు. ఎందుకు?

ఆకులే కారణం చెబుతాయి. ఆకులు పెద్దగా, ముదురాకుపచ్చగా, కాడలు పొడుగ్గా ఉండి మొగ్గ లేకపోతే ఎండ చాలడం లేదు. ఆకులు చిన్నవై, పాలిపోతే ఆకలి, ఎరువు వేయండి. ఆకులు ఒకదాని మీదొకటి ఎక్కి నీటి పైకి లేస్తుంటే కుదురు కిక్కిరిసింది, విడదీయాలి. పైనుంచి ట్యాంకు పొర్లే నీరో ఏసీ నీరో చుక్కలుగా పడుతున్నా మొక్క మొండికేస్తుంది, కలువకు కదిలే నీరు పడదు. ఇవేవీ కాకపోతే నెల చూడండి: జూలై నుంచి డిసెంబరు దాకా పూత జోరు, చలి నెలల్లో విరామం.

మొగ్గ నీటిలోనే నల్లబడి కుళ్లిపోతోంది?

ముసురు పట్టి వారం రోజులు ఎండ లేకపోయినా, భారీ వానకు నీరు ఒక్కసారిగా 10–15 సెంటీమీటర్లు పెరిగినా ఇలా అవుతుంది. తొట్టి అంచుకు 7–8 సెంటీమీటర్ల కింద ఒక చిల్లు పెట్టి, చేపలు పోకుండా వల గుడ్డ కట్టండి, అదనపు నీరు దానంతటదే పోతుంది. మొగ్గకు చిన్న రంధ్రం కనిపిస్తే పురుగు పని, మొగ్గ తుంచి పారేయండి.

పువ్వు ఎన్ని రోజులుంటుంది?

మూడు నాలుగు రోజులు, రోజూ విచ్చుకుంటూ ముడుచుకుంటూ. మొదటి రోజు పువ్వులోకి ఒకసారి వంగి చూడండి. కేసరాలు నిటారుగా నిలబడి ఉంటాయి, నడుమ చిన్న గిన్నెలో మెరిసే ద్రవం నిండి ఉంటుంది. వేరే పువ్వు నుంచి పుప్పొడి మోసుకొచ్చిన చిన్న తేనెటీగ అందులో జారిపడితే పుప్పొడి కడిగినట్టు దిగిపోతుంది, ఒక్కోసారి ఈగ మునిగిపోతుంది కూడా. రెండో రోజుకు ద్రవం ఉండదు, కేసరాలు లోపలికి వంగి గిన్నెను కప్పి పుప్పొడి వదులుతాయి. పొద్దున తొమ్మిదీ పదింటికి నల్లకలువ దగ్గర ఈ సందడి చూడటం కోసమైనా తొట్టి పెట్టుకోవాలి.

పూజకు కోస్తే గంటలో ముడుచుకుపోతోంది. విచ్చుకునే ఉండాలంటే?

నల్లకలువను మొదటి రోజు, పూర్తిగా విచ్చుకున్నాక, కాడ పొడుగ్గా ఉంచి కోసి వెంటనే నీటిలో పెట్టండి. రేకుల మొదళ్ల దగ్గర కొవ్వొత్తి మైనం ఒక్కో చుక్క వేస్తే అవి మూసుకోవు. సాయంత్రం పూజకు తెల్లకలువే సరైనది. పువ్వు కోశాక మిగిలిన కాడను అడుగు దాకా తీసేయండి, లేకపోతే కుళ్లుతుంది.

## పురుగులు, తెగుళ్లు

ఆకు మీద నల్లటి చిన్న పురుగులు గుంపుగా ఉన్నాయి.

పేనుబంక. నీటి పైపుతో గట్టిగా చిమ్మితే నీటిలో పడి చేపలకు మేతవుతుంది. ఎక్కువగా ఉంటే ఆకులన్నీ మునిగేలా వల పరిచి నాలుగు చోట్ల ఇటుకలు పెట్టి, ఒక పూట ఉంచి తీసేయండి. వారానికోసారి మూడుసార్లు చేస్తే పోతుంది. వేపనూనె, సబ్బునీరు నీటి మీద పొర కడతాయి, చేపలున్న తొట్టికి వద్దు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు తేనెటీగలకు చేటు.

ఆకు అంచున కత్తెరతో కోసినట్టు అండాకారపు ముక్కలు పోతున్నాయి.

ఒక చిమ్మెట పిల్లపురుగు పని. రెండు ముక్కలు కోసి, వాటిని కలిపి కుట్టి మధ్యలో దాక్కుంటుంది. నీటి మీద తేలే జంట ముక్కలను వేళ్లతో విప్పి చూస్తే లోపల కనిపిస్తుంది. రోజూ పొద్దున ఏరేస్తే వారంలో అదుపులోకి వస్తుంది. ఆకు అడుగున గుడ్ల వరుసలుంటే తుడిచేయండి.

ఆకులు వరుసగా పసుపెక్కి, లాగితే ఊడి వస్తున్నాయి. వాసన కూడా వస్తోంది.

ఒక్కో ఆకు మూడు నాలుగు వారాలకు ముదిరి పసుపెక్కడం సహజం. కానీ లేత ఆకులు కూడా ఊడి, కాడ మొదలు నల్లగా మెత్తబడితే అది కుదురు కుళ్లు. దుంప తీసి, మెత్తబడ్డ భాగాన్ని గట్టి తెల్లటి కండ కనిపించేదాకా కోసి, కొత్త మట్టిలో నాటండి. పాత మట్టి ఇంకే నీటిమొక్కకూ వాడొద్దు. పచ్చి ఎరువు, మొలకను మట్టిలో పాతేయడం దీనికి ముఖ్య కారణాలు.

గుర్రపుడెక్క, అంతరతామర కూడా వేస్తే నీరు శుభ్రంగా ఉంటుందంటున్నారు?

వేయకండి. నెల తిరక్కుండా నీటినంతా కప్పేస్తాయి, కలువకు ఎండ అందదు. కొత్త మొక్కతోపాటు వచ్చిన చిన్న తేలే ఆకులను కూడా నాటేముందే కడిగేయండి.

## ఎండ, తుపాను, చలి

మే నెలలో నీరు కాలిపోతోంది. మొక్క బతుకుతుందా?

దుంప బతుకుతుంది, చేపలకే ముప్పు. పన్నెండు నుంచి మూడు దాకా 50 శాతం నీడ వల కట్టండి, టబ్బు చుట్టూ తడి గోనె చుట్టండి, నీటి మట్టం తగ్గనివ్వకండి. ఊరెళ్లాల్సి వస్తే చేపలను ఎవరికైనా అప్పగించి తొట్టిని ఎండనివ్వొచ్చు. ఎండిన చెరువు బురదలో దుంప నిద్రపోయి తొలకరికి లేచినట్టే, నీడలో ఉంచిన బేసిన్‌లోనూ లేస్తుంది.

తుపాను హెచ్చరిక వచ్చింది. తొట్టిని లోపలికి తేవాలా?

నిండు తొట్టి గాలికి లేవదు, ఖాళీ టబ్బే ఎగురుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చెట్లే కూలాయి, మేడ మీద వదిలేసిన తేలికపాటి వస్తువుల సంగతి చెప్పక్కర్లేదు. తొట్టిని నిండా ఉంచండి, చుట్టూ ఉన్న కుండీలు, రేకులు తీసేయండి, పొర్లే చిల్లు మూసుకుపోకుండా చూడండి. గాలి తగ్గాక చినిగిన ఆకులు, రాలిన చెత్త అదేరోజు తీసేయాలి. తీరానికి దగ్గరగా ఉంటే ఉప్పు జల్లు పడి ఉంటుంది, సగం నీరు మార్చండి. ఆకులన్నీ పోయినా కంగారు పడొద్దు, రెండు మూడు వారాల్లో కొత్తవి వస్తాయి.

చలికాలంలో ఆకులు చిన్నవైపోయాయి.

విశ్రాంతి తీసుకుంటోంది. ఎరువు ఆపి, నీరు నింపుతూ ఉండండి. ఫిబ్రవరిలో రాత్రి చలి తగ్గాక తానే పుంజుకుంటుంది.

## పిలకలు, గింజలు

కుదురు ఎప్పుడు విడదీయాలి?

రెండేళ్లకోసారి, ఫిబ్రవరి చివర్లోగానీ తొలకరిలోగానీ. బేసిన్ బయటకు తీసి, మట్టిని నీటితో కడిగితే ప్రధాన దుంప పక్కన చిన్న దుంపలు కనిపిస్తాయి. మొలక ఉన్నవాటిని వేరుచేసి వెంటనే నాటండి. ఒక గంట ఎండలో ఉంచినా వేర్లు వాడిపోతాయి, తడిగుడ్డలో చుట్టి ఉంచండి.

గింజల నుంచి పెంచొచ్చా?

పెంచొచ్చు, ఓపిక కావాలి. పువ్వు ముడుచుకున్నాక కాడ వంగి నీటి కిందికి పోతుంది, కాయ అక్కడే మూడు నాలుగు వారాల్లో పండి విచ్చుకుంటుంది. గింజలు జిగురు పొరతో ఒకటి రెండు రోజులు తేలి, మునిగిపోతాయి. అందుకే కాయ మెత్తబడక ముందే పల్చటి గుడ్డ సంచి కట్టాలి. ఒక్క కాయలో వందల గింజలుంటాయి.

జల్లించిన బంకమట్టి పరిచిన వెడల్పాటి గిన్నెలో గింజలు చల్లి, పైన పల్చగా ఇసుక జల్లి, 2–3 సెంటీమీటర్ల నీరు పోసి ఎండ తగిలేచోట పెట్టండి. రెండు నుంచి నాలుగు వారాల్లో సన్నటి గడ్డిపరకల్లాంటి మొలకలు, తర్వాత నీటిలోపలే ఉండే బాణం మొనలాంటి పల్చటి ఆకులు వస్తాయి. తేలే ఆకు రెండు వచ్చాక ఒక్కోదాన్ని చిన్న కప్పులోకి మార్చండి. నత్తలు, చేపలు ఈ దశలో దగ్గరికి రాకూడదు, ఒక్క రాత్రిలో గిన్నె ఖాళీ చేస్తాయి. ఎండాకాలంలో మొలిపించినవి అన్నీ కుదిరితే ఆ ఏడాది చివరికే పూస్తాయి, లేదంటే మరుసటి వానాకాలానికి. రాత్రి పూసే రకాలు పక్కపక్కనే ఉంటే గింజ మొక్కలు తల్లిలా ఉండకపోవచ్చు, రంగు అలాగే కావాలంటే పిలకలే నాటండి.